మేపు బాగున్నా బండ దగ్గర మా ఎద్దులు తొందరగా ఎందుకు అలసిపోతున్నాయి?

కర్నూలు, కడప వైపు బండలాగుడుకు (ఎద్దుల జత బండరాయిని లాగే పోటీకి) దించే జతల్లో ఎక్కువగా కనిపించే తప్పు, మొదటి వారమే పెద్ద బండ కట్టడం. కండ వారాల్లో గట్టిపడుతుంది. కండను ఎముకకు కట్టే నరాలు, కీళ్లు, గిట్టలకు నెలలు పడుతుంది. అందుకే మొదటి 4 వారాలు నడక, దుక్కి, వంక ఇసుకలో ఖాళీ కాడి చాలు. తర్వాత పోటీ బరువులో సగం బండ, రోజు విడిచి రోజు. పూర్తి బరువు వారానికి ఒక్కసారే.

దమ్ము తెలిసేది డొక్కలో. కాడి కట్టేముందు నిమిషానికి ఎన్నిసార్లు ఎగురుతుందో లెక్కపెట్టండి. విప్పిన అరగంటకు ఆ లెక్కకు దగ్గరగా రాకపోతే మరునాడు బండ వద్దు. నాలుక వేలాడేసి చొంగ కారుస్తుంటే అది ఎండదెబ్బకు మొదలు. వెంటనే నీడకు చేర్చి ఒళ్లంతా నీళ్లు పోయాలి. అనంతపురం ఎండల్లో ఉదయం 8 లోపే పని ముగించాలి.

ఉలవలు ఒక్కసారిగా పెంచితే కడుపులో పులుపు పెరిగి ఉబ్బరం వస్తుంది, గిట్టలూ నొప్పిపుడతాయి. 2 వారాల్లో కొద్దికొద్దిగా పెంచండి, చొప్ప మాత్రం తగ్గించొద్దు. కాడిలో ఒక పక్క (ఎలపట) అలవాటైన ఎద్దును రెండో పక్కకు (దాపటకు) మార్చి చూడటం పోటీ ముందు అసలు వద్దు.