బొమ్మల సంగతి తర్వాత, ముందు మీ అమ్మతో మాట్లాడు

నల్గొండ నుంచి 31 ఏళ్ల అబ్బాయి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నాడు. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో కొన్నాళ్లు ఉద్యోగం చేసి, కరోనా టైమ్‌లో ఇంటికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఒక ఫారిన్ వెబ్‌సైట్‌కు వీడియో గేమ్‌ల మీద ఇంగ్లిష్‌లో రివ్యూలు, వార్తలు రాస్తాడు. రాసినదానికే డబ్బులు, ఒక నెల నలభై వేలు వస్తే ఇంకో నెల పదిహేను వేలు. రూమ్ నిండా గేమ్ డిస్కులు, కామిక్స్, అనిమే అనే జపాన్ కార్టూన్ల బొమ్మలు. నాన్నకు కనగల్ దగ్గర బత్తాయి తోట ఉంది. గేమ్ అన్న మాట వింటేనే ఆయనకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే సొంత తమ్ముడు ఫోన్‌లో రమ్మీ ఆడి ప్లాటు పోగొట్టుకున్నాడు. అందుకని వాళ్లమ్మ ఇంట్లోనూ బయటా అందరికీ "మావోడు సాఫ్ట్‌వేర్ చేస్తడు" అని చెప్తూ వస్తోంది. ఇప్పుడు మిర్యాలగూడ సంబంధం వచ్చింది. మధ్యవర్తికి పన్నెండు లక్షల ప్యాకేజీ అని చెప్పింది కూడా ఆమే. పెళ్లిచూపులు అయ్యాయి, ఇద్దరికీ నచ్చింది, వచ్చే ఆదివారం అమ్మాయి వాళ్లు ఇల్లు చూడటానికి వస్తున్నారు. అబ్బాయి అడిగేదేమిటంటే, ఆ లోపు బొమ్మలు, డిస్కులు మూటగట్టి ఫ్రెండ్ ఇంట్లో పెట్టాలా, హాబీ అని చెప్పుకోవాలా? పెళ్లయ్యాక బ్యాంక్ కోచింగ్‌కు వెళ్తానంటే సరిపోతుందా?

తమ్ముడూ, బొమ్మలు ఉంచితే ఉంచు, తీస్తే తీయి. బ్యాంక్ కోచింగ్ మాట అసలే ఎత్తకు, వెళ్లే ఉద్దేశం నీకు లేదని ఈ ఉత్తరం చదివిన ఎవరికైనా తెలిసిపోతుంది.

నాలుగు పేజీలు రాశావు. ఎల్డెన్ రింగ్ అనే గేమ్ 2022 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు ఎన్ని రాత్రులు నిద్రపోలేదో రాశావు. బాల్డర్స్ గేట్ 3 ఒకసారి పూర్తిగా ఆడాలంటే వంద గంటలైనా చాలవని, కంపెనీ చెప్పిన టైమ్ కంటే నిమిషం ముందు కూడా రివ్యూ బయటపెట్టకూడదన్న షరతును ఎంబార్గో అంటారని, అందుకే ఆ రాత్రుళ్లు తలుపు వేసుకుంటానని వివరంగా రాశావు. బాగా రాశావు, పని మీద ప్రేమ కనపడుతోంది. ఉద్యోగం, సంబంధం సంగతులు పక్కన పెడితే, మీ అమ్మ మాత్రం ఇన్ని పేజీల్లో మూడే చోట్ల వచ్చింది. తలుపు బయట కంచం పెట్టి వెళ్లిన చోట, చుట్టాలు ఫోన్ చేస్తే "మీటింగ్ల ఉన్నడు" అని చెప్పిన చోట, ఇంకా ఆ జపాన్ బొమ్మల కథల ఆర్టిస్టు తొరియామా పోయాడన్న వార్త వచ్చిన రోజు.

నన్ను పట్టుకున్నది ఆ మూడోదే. 2024 మార్చిలో అకిరా తొరియామా చనిపోయారన్న వార్త చూసి రూమ్‌లో కూర్చుని ఏడ్చానన్నావు. ఏడవడం తప్పని నేను అనను. డ్రాగన్ బాల్ కామిక్స్ గీసిన మనిషి, డ్రాగన్ క్వెస్ట్ గేమ్‌లకు 1986 నుంచీ బొమ్మలకు రూపం ఇచ్చిన మనిషి, నీ చిన్నతనమంతా ఆయన గీతల్లోనే గడిచింది. కానీ మీ అమ్మ లోపలికి వచ్చి, నీ కళ్లు చూసి, "ఎవరు పోయిండ్రు బిడ్డా" అని అడిగితే నువ్వు తలనొప్పి అన్నావు. ఆమె జండూ బామ్ తెచ్చి నీ నుదుటికి రాసి, లైట్ తీసేసి వెళ్లింది. దీన్ని నువ్వు "ఆమెకు ఇవన్నీ అర్థం కావు" అనడానికి ఉదాహరణగా రాశావు. ఎందుకు అర్థం కావు? 1996 జనవరిలో ఎన్టీఆర్ పోయినప్పుడు ఆ తరం ఆడవాళ్లు, ఆయన్ని ఒక్కసారి కూడా ఎదురుగా చూడనివాళ్లు, టీవీల ముందు కూర్చుని ఎంత ఏడ్చారో నేను చూశాను. చిన్నప్పటి నుంచి చూసిన బొమ్మలు గీసినాయన పోయాడమ్మా అంటే నీ పక్కన కూర్చునేది. కూర్చోనివ్వలేదు నువ్వు. ఎవరో పోయారని ఆమె సరిగ్గానే పసిగట్టింది, నువ్వు మాట దాటేశావు.

మీ నాన్నకూ నీకూ పడదని, అదే పెద్ద సమస్య అని నువ్వనుకుంటున్నావు. నాకు అలా అనిపించడం లేదు. మీ నాన్న కోపం బయటికి కనపడే కోపం, దానికి కారణం కూడా ఉంది, ఎదురుగా నిలబడి మాట్లాడితే ఏదో ఒకరోజు దారికొస్తుంది. మీ అమ్మతో నీ వ్యవహారమే అసలు చెడింది. ఐదారేళ్లుగా నీ బదులు అబద్ధాలు చెప్పే పని ఆమె మీద పడేశావు. నాన్న అడిగితే ఆమె, చుట్టాలు అడిగితే ఆమె, మధ్యవర్తి అడిగితే ఆమె. ఎప్పుడో ఒకరోజు ఇది బయటపడుతుంది, పడితే మిర్యాలగూడ వాళ్ల ముందు తల దించుకునేది ఎవరు? పన్నెండు లక్షలని నోటితో అన్నది ఆమె కదా. నువ్వు మాత్రం నేనేం అనలేదని పక్కకు తప్పుకుంటావు. ఉత్తరంలో ఇప్పటికే తప్పుకున్నావు, "ప్యాకేజీ విషయం అమ్మ చెప్పింది, నాకు ముందు తెలియదు" అని. తెలిశాక కూడా మూడు వారాలు ఊరుకున్నావు కదా!

ఇంకొకటి. ఒక్కో బొమ్మ ఎనిమిది వేలని రాశావు. ఇంట్లో ఇంత ఇస్తున్నానని ఎక్కడా రాయలేదు. ఇస్తుంటే మంచిదే. ఇవ్వకపోతే, 31 ఏళ్ల కొడుకు తల్లి కూరగాయలకు భర్తను డబ్బులు అడుగుతుంటే, ఆమెకు నీ పని మీద గౌరవం ఎక్కడి నుంచి వస్తుంది? పదిహేను వేలు వచ్చిన నెల మూడు వేలివ్వు, నలభై వచ్చిన నెల పదివ్వు, ఆమె చేతిలోనే పెట్టు. ఇది ఏ పనికి వచ్చిన డబ్బో అప్పుడే చెప్పు.

చెప్పడం అంటే ఇంగ్లిష్ ఆర్టికల్ చూపించడం కాదు. తలుపు తీసి, టీవీ ముందు కూర్చోబెట్టి, ఆట పెట్టు. ఇది సినిమాలాంటిదేనమ్మా, దీన్ని వందల మంది కలిసి సంవత్సరాల తరబడి తయారు చేస్తారు, కొనేవాడికి డబ్బు దండగ కాకూడదని ముందే ఆడి బాగుందో లేదో రాసేది నేను, దానికి నాకు జీతం అని చెప్పు. ఆమెకు రెండు నిమిషాల్లో ఎక్కుతుంది. ఎక్కకపోతే మళ్లీ చెప్పు.

రమ్మీ భయం ఆమెకూ ఉంటుంది, మరిది ప్లాటు పోవడం కళ్లారా చూసింది. కాబట్టి ఆ తేడా కూడా తేల్చు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణలో 2017లోనే నిషేధించారు. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం దేశమంతటా ఆన్‌లైన్‌లో డబ్బు పందెం ఆటలనే నిషేధించింది, పోటీలుగా ఆడే వీడియో గేమ్‌లను, అంటే ఈ-స్పోర్ట్స్‌ను, వాటి నుంచి వేరుగా చూసింది. మీ చిన్నాయనది పందెం. నీది రాసే పని, నీ జేబులోంచి పందెం కింద పైసా పోదు. ఈ ముక్క మీ నాన్నకు చెప్పాల్సింది కూడా నువ్వే. అమ్మతో చెప్పించావంటే ఈ ఉత్తరం నాకు రాయడం దండగ.

మీ నాన్న అడగబోయే రెండో మాటకు మాత్రం సిద్ధంగా ఉండు, ఈ పని ఎన్నాళ్లుంటుందని అడుగుతాడు. అది న్యాయమైన ప్రశ్న. అమెరికాలో 1991 నుంచి వచ్చిన గేమ్ ఇన్ఫార్మర్ మ్యాగజైన్‌ను 2024 ఆగస్టులో ఉన్నట్టుండి మూసేశారు. మరుసటి ఏడాది మళ్లీ మొదలైంది అనుకో, కానీ మధ్యలో అక్కడ పనిచేసేవాళ్లు రోడ్డున పడ్డారు కదా. నీలాగా పీసుకింత అని రాసేవాడి పరిస్థితి ఇంకా పలుచన. పైసలు ఎంత వెనకేశావు, రెండో దారి ఏమిటి, ఇవి కాగితం మీద రాసి పెట్టుకుని మాట్లాడు. బత్తాయి రేటు ఈ ఏడాది ఉన్నట్టు వచ్చే ఏడాది ఉండదని ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఆదాయం ఎగుడుదిగుడుగా ఉందంటే ఆయన భయపడడు. దాచావంటేనే భయపడతాడు.

ఇక ఆదివారం సంగతి. గురువారం లోపే మధ్యవర్తికి నువ్వే ఫోన్ చెయ్, ప్యాకేజీ తప్పు చెప్పాం, నా పని ఇది, సంపాదన ఇంత అని చెప్పు. "తప్పు చెప్పాం" అను, "అమ్మ తప్పు చెప్పింది" అనకు. ఆ తర్వాత అమ్మాయికి చెయ్. పెళ్లిచూపుల్లో ఆమె ఏ కంపెనీ అని అడిగితే రిమోట్ వర్క్ అని నవ్వి ఊరుకున్నానని రాశావు, ఆ జవాబు బాకీ ఉంది. వాళ్లు వద్దంటే సంబంధం పోతుంది, ఇంట్లో రెండు రోజులు తిట్లు ఉంటాయి, పడు. వస్తామంటే బొమ్మలు అక్కడే ఉండనీ, దుమ్ము మాత్రం తుడువు, అదీ అమ్మతో తుడిపించకు.

అన్నట్టు, ఆ అమ్మాయి ఏం చదివిందో, ఏం చేస్తుందో ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. ఫోన్ చేసినప్పుడు అది కూడా అడుగు.