కెమెరాను ఆ మంచం దగ్గరే ఉంచు

నాయనా,

తిరుపతి మహతి ఆడిటోరియంలో మనవాళ్లు వేసిన ఆ క్యాన్సర్ వార్డు నాటకాన్ని సినిమాగా తీస్తానని రాశావు. చాలా సంతోషం. ముందు రచయిత దగ్గర అనుమతి కాగితం మీద రాయించుకో.

స్క్రిప్టు రెండుసార్లు చదివాను. స్టేజీ మీద మొత్తం జబ్బు పడ్డ తండ్రి మంచం ఒక్కదాని చుట్టూ నడిచిన కథను, సినిమా కదా అని కపిలతీర్థానికీ, ఫ్లాష్‌బ్యాక్‌లోకీ, పాటలోకీ తీసుకుపోయావు. వద్దు నాయనా. చావు ఎదురుగా ఉన్న మనిషిని వదిలి కెమెరా బయటికి పోతే, ఆయన్ను మనమూ వదిలేసినట్టే.

'విట్' చూడు. మార్గరెట్ ఎడ్సన్ నాటకం, 1999లో అమెరికా పులిట్జర్ బహుమతి వచ్చింది. 2001లో మైక్ నికోల్స్ టీవీ కోసం సినిమాగా తీశాడు. ఎమ్మా థాంప్సన్ అందులో ఇంగ్లీషు కవిత్వం చెప్పే ప్రొఫెసర్, అండాశయ క్యాన్సర్ నాలుగో దశ. నాటకంలో ఆమె ప్రేక్షకులతో నేరుగా మాట్లాడుతుంది. నికోల్స్ దాన్ని తీసెయ్యకుండా కెమెరా వైపు చూసి చెప్పించాడు. స్పృహ లేని ఆమె చేతులకు నర్సు లోషన్ రాసే సీను ఉంది. స్టేజీ మీదైతే వెనక వరసకు సరిగ్గా ఆనదు. సినిమాలో నాకు అన్నిటికన్నా గుర్తుండిపోయింది అదే.

అందులో డాక్టరు మొదట్లోనే రోగి మొహం మీదే జబ్బు పేరు చెప్పేస్తాడు. మన దగ్గర కొడుకును వరండాలోకి పిలిచి చెప్తారు. 'నాన్నకు తెలియనీకండి సార్' అని ఇంట్లోవాళ్లే బతిమాలుకుంటారు. నాన్నకేమో అంతా తెలుసు! నీ కథకు ప్రాణం అక్కడే ఉంది. ఇంట్లో ఎవరితోనూ అనలేని మాట ఆయన్ని మనతో చెప్పనీ.

తండ్రి వేషగాడు హరిశ్చంద్ర నాటకం కాటి సీనులో పద్యం ఎత్తుకుంటే జనం వన్స్‌మోర్ కొట్టేవాళ్లు. ఆ గొంతు చివరి వరసకు అలవాటు పడింది. చిన్న గదిలో ఆయనకు మూరెడు దూరంలో నువ్వే కూర్చుని రిహార్సల్ చేయించు. రాగం దానంతటదే తగ్గుతుంది. వయొలిన్ పెట్టొద్దు. స్ట్రెచర్ చక్రాల చప్పుడు, పక్క మంచం వాళ్ల మాటలు చాలు. నిజం రోగులను మాత్రం షూట్ చెయ్యొద్దు.

నర్సు వేషానికి వార్డులో పనిచేసిన అమ్మాయిని అడుగు. రోగిని కదపకుండా దుప్పటి మార్చే పద్ధతి వాళ్లకే తెలుసు. పాట తీసేసి స్క్రిప్టు మళ్లీ పంపు, వెంటనే చదువుతాను.

మీ పెదనాన్న