సంకేతం ఒకటే అయినప్పుడు రెక్క, కాలు, ముక్కు వేరువేరుగా ఎలా వస్తాయి?

కోడి పిండంలో రెక్కకు, కాలికి, ముక్కుకు దాదాపు అవే సంకేత ప్రోటీన్లు పనిచేస్తున్నప్పుడు ఆకారాలు ఎందుకు మారతాయని మీరు అడిగారు. పరిశోధక విద్యార్థిగా కొంతకాలం కోడి పిండాలపై పనిచేశాను కనుక, ఆ అనుభవంతో చెబుతున్నాను. నా దృష్టిలో సంకేతం కంటే దాన్ని అందుకునే కణజాలానిదే పెద్ద పాత్ర.

మూడు రోజులు పొదిగిన గుడ్డులోంచి సిరంజితో రెండు మూడు మిల్లీలీటర్ల తెల్లసొన తీస్తే పిండం పెంకును వదిలి కిందికి దిగుతుంది. అప్పుడు సన్న కత్తెరతో పెంకుకు కిటికీ కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే, కొట్టుకుంటున్న గుండెకు కాస్త వెనుకగా రెక్క మొగ్గ చిన్న ఉబ్బులా కనిపిస్తుంది. దాని అంచున బహిస్త్వచం (పిండపు పైపొర) సన్నని గట్టు కట్టి ఉంటుంది. ఆ గట్టును ఒలిచి, కిటికీకి టేపు అంటించి గుడ్డును మళ్లీ ఇంక్యుబేటర్‌లో పెడితే, పదో రోజున మృదులాస్థికి నీలి రంగు పట్టించినప్పుడు మొండి రెక్క బయటపడుతుంది. గట్టును ఎంత ముందుగా తీస్తే రెక్క అంత పొట్టిదవుతుందని పిండ శాస్త్రవేత్త జాన్ సాండర్స్ 1948లోనే చూపారు. ఎఫ్‌జీఎఫ్ అనే సంకేత ప్రోటీన్‌లో నానబెట్టిన పూస ఆ గట్టు పనిని చాలావరకు చేయగలదని 1993లో తేలింది.

వేళ్ల వరుసను నిర్ణయించేది మొగ్గ వెనుక అంచు. అక్కడి ముక్కను ముందు అంచుకు అతికిస్తే 2-3-4 వేళ్ల రెక్క 4-3-2-2-3-4గా మారుతుంది (ఈ అంకెలు పాత లెక్క, ఇప్పుడు చాలామంది 1-2-3 అంటున్నారు). అక్కడ వెలువడే సంకేత ప్రోటీన్ పేరు సోనిక్ హెడ్జ్‌హాగ్.

మీ ప్రశ్నకు సూటిగా జవాబిచ్చేది మాత్రం సాండర్స్ బృందం 1957లో ప్రచురించిన ప్రయోగం. మామూలుగా తొడగా మారాల్సిన మధ్యత్వచాన్ని (పైపొర కింది కణజాలాన్ని) కాలి మొగ్గ నుంచి తీసి రెక్క మొగ్గ కొనలో, గట్టు కిందే అమర్చితే, అక్కడ తొడా రాలేదు, రెక్క కొనా రాలేదు. పొలుసులతో, గోళ్లతో కాలి వేళ్లు వచ్చాయి. అంటే నువ్వు కొనలో ఉన్నావని రెక్క గట్టు చెప్పింది, కాలి కణజాలం తన కొననే తయారుచేసింది. రెక్క మొగ్గలో టీబీఎక్స్5, కాలి మొగ్గలో టీబీఎక్స్4 జన్యువులు పనిచేస్తాయి కాబట్టి, సంకేతం అందేసరికే ఆ రెండు కణజాలాలు వేరుపడి ఉంటాయి.

ముఖంలోనూ ఇదే తర్కం, కాకపోతే ఇంకాస్త చిక్కుగా. పై ముక్కు ఏర్పడే చోట బహిస్త్వచంలో ఎఫ్‌జీఎఫ్8, సోనిక్ హెడ్జ్‌హాగ్ ప్రాంతాలు కలిసే సరిహద్దు ఉంటుంది. దాన్ని మరోచోట అతికిస్తే అక్కడ అదనపు ముక్కు భాగాలు పెరుగుతాయని 2003లో వెల్లడైంది. అయితే ఆ ముక్కు ఏ పక్షిదన్నది ఆ సరిహద్దు చేతిలో లేదు. అదే ఏడాది ష్నైడర్, హెల్మ్స్ అనే పరిశోధకులు కౌజుపిట్ట నాడీ శిఖర కణాలను (బహిస్త్వచం కిందికి చేరి ముఖపు ఎముకలుగా మారే కణాలను) బాతు పిండంలోకి మార్చితే బాతుకు కౌజు ముక్కు వచ్చింది. బాతు కణాలను కౌజు పిండంలోకి మార్చితే కౌజుకు బాతు ముక్కు వచ్చింది. పైగా మార్చిన కణాలు ఆతిథ్య పిండపు బహిస్త్వచంలోని జన్యువుల పనివేళలను కూడా తమ జాతికి తగ్గట్టు మార్చేశాయి. కాబట్టి పాఠ్యపుస్తకాల్లో బహిస్త్వచం నుంచి లోపలికి మాత్రమే గీసే బాణానికి ఎదురుగా, లోపలి నుంచి బయటికి మరో బాణం గీసుకుని చదవడం మంచిది.