హిమాచల్‌లోని హంప్టా కనుమ దాటబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

రోజూ పొద్దున్నే కాలువ గట్టు మీద ఆరు కిలోమీటర్లు నడుస్తున్నానని రాశావు. సంతోషం. కానీ మన కోనసీమ అంతా చదునే కదా, మోకాళ్లకు ఎక్కడం, అంతకన్నా ముఖ్యంగా దిగడం అలవాటు కావాలి. వారానికోసారి అన్నవరం వెళ్లి, వీపున ఏడెనిమిది కిలోల సంచితో కొండమెట్లు ఎక్కి దిగు. కుదరని వారం మీ కాలేజీ మేడమెట్లు ఎక్కు.

నాకు ఎక్కువ బెంగ గాలి గురించే. హంప్టా సుమారు 4,270 మీటర్ల ఎత్తు. అక్కడ ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ మన ఊళ్లో అందేదాంట్లో 60 శాతం ఉంటుందంతే. నేను మొదటిసారి వెళ్లినప్పుడు బాలూ కా ఘేరా డేరాల దగ్గర సాయంత్రానికే తల పగిలిపోయేంత నొప్పి. వెనక్కి పంపేస్తారన్న భయంతో గైడుకు చెప్పలేదు. అర్ధరాత్రి వాంతులు, లేచి నిలబడితే తూలు. తెల్లారకముందే ఇద్దరు నన్ను చెరో పక్క పట్టుకుని కింది మజిలీ చీకా వరకు దింపారు. దిగేకొద్దీ తల తేలికపడింది. కనుమ దాటింది మరుసటి ఏడు.

అందుకని తల నొప్పిగా ఉంటే వెంటనే గైడుకు చెప్పు. నొప్పి తగ్గేదాకా ఇంకా పైకి వెళ్లొద్దు. నడక తూలినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా రాత్రని చూడకుండా దిగిపోవాలి. రాజమండ్రిలో రైలెక్కి, ఢిల్లీ నుంచి బస్సులో వెళ్లి, దిగిన మర్నాడే నడక మొదలుపెట్టకు. మనాలీలో రెండు రోజులు ఉండు. ఎత్తుకు తల నొప్పి, వాంతులు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది డాక్టర్ని అడుగు. సల్ఫా మందులు పడకపోతే ఆ సంగతి ముందే చెప్పు.

ఇంకోటి, నీళ్లు. గోదావరిలో ఈత నేర్చినదానివి, ఆ ధైర్యం అక్కడి వాగుల దగ్గర వద్దు. మోకాలి లోతు నీళ్లే మనిషిని లాగేస్తాయి. మనకు వరద ఏడాదికోసారి శ్రావణమాసం చుట్టూ వస్తుంది. అక్కడ ఎండకు మంచు కరిగి రోజూ మధ్యాహ్నానికి వాగు పొంగుతుంది. పొద్దున్నే దాటాలి. సంచి నడుముపట్టీ విప్పుకుని, ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకుని దాటండి.

నూలు బట్టలు తగ్గించు, తడిస్తే ఆరవు, ఒళ్లు చల్లబడిపోతుంది. ఆకలి వేయదు, అయినా తినాలి. అత్తయ్య నువ్వుండలు చేస్తానంది.

కనుమకు ఇవతలి లోయంతా పచ్చగా ఉంటుంది. అవతలికి దిగగానే లాహౌల్ వైపు చెట్టన్నదే లేని రాళ్లకొండలు. అంత తేడా ఒక్క పూటలో చూస్తావు. అక్కడ కాసేపు ఆగి చూడు.

దారిలో చాలాచోట్ల సిగ్నల్ అందదు. అమ్మ టెన్షన్ పడకుండా ముందే చెప్పు. నా సంచి, ఊతకర్రలు అటక మీంచి దించాను, ఆదివారం వచ్చి తీసుకెళ్లు. బూట్లు మాత్రం ఇప్పుడే కొనుక్కుని ఆ గట్టు మీదే అరగదియ్యి.

మావయ్య