జిమ్ కార్బెట్ నేషనల్ పార్కులో పులిని చూడాలంటే ఏ నెలలో వెళ్లాలి?

పులి కోసమే అయితే ఏప్రిల్, మే నెలల్లో వెళ్లండి. ఎండలు ముదిరాక అడవి లోపలి నీటి గుంటలు ఎండిపోతాయి, దాంతో జంతువులు రామ్‌గంగ నది వైపు, జలాశయం ఒడ్డుకి వస్తాయి. పార్కు లోపలి ఢికాలా జోన్ గడ్డి మైదానంలో ఏనుగుల గుంపులు పిల్లలతో సహా మేస్తూ కనిపించేది కూడా అప్పుడే, నన్నడిగితే అది చూడటానికైనా ఉత్తరాఖండ్ దాకా వెళ్లొచ్చు.

2022 లెక్కల ప్రకారం ఇక్కడ 260 పులులున్నాయి. అయినా సాల చెట్ల అడవి బాగా దట్టం కాబట్టి కనిపిస్తుందని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు, ఇస్తామన్న ఏజెంట్లని నమ్మకండి. చుక్కల జింకలు, కొండముచ్చులు ఒక్కసారిగా అరిస్తే జీపు ఆపించి మాట్లాడకుండా కూర్చోండి, పులో చిరుతో దగ్గర్లో ఉందని హెచ్చరించేది అవే.

ఢికాలా నవంబర్ మధ్య నుంచి జూన్ మధ్య దాకానే తెరిచి ఉంటుంది. వీలైతే లోపలి అటవీశాఖ రెస్ట్‌హౌస్‌లో ఒక రాత్రి ఉండండి, తెల్లవారుజామున సఫారీకి అదే మంచిది, కాకపోతే గదులు త్వరగా అయిపోతాయి, ముందే బుక్ చేసుకోవాలి. మన వైపు నుంచి వెళ్లేవాళ్లు ఢిల్లీలో దిగి పార్కు దగ్గరి ఊరు రాంనగర్‌కి రైలెక్కితే చాలు.