జపాన్ వాళ్ళు పరాయివాళ్ళను కలుపుకోరంటారు, నిజమేనా?

మీరు అడిగింది ఇది: "ఎన్నేళ్ళు ఉన్నా జపాన్ వాళ్ళు మనల్ని తమవాళ్ళుగా చూడరంటారు. మానవ శాస్త్రవేత్తలు దీనికి ఏం చెప్తారు, అక్కడున్నవాళ్ళ అనుభవం ఏమిటి?"

నేను టోక్యో తూర్పు వైపు ఎదొగావా వార్డులో కుటుంబంతో ఉంటున్నాను, చేసేది ఐటీ ఉద్యోగం. మానవ శాస్త్రం ఇష్టంగా చదువుకున్నదే. నాకు తెలిసినంతలో, తప్పకుండా కలుపుకుంటారు. అయితే మనం వాళ్ళున్న చోట ఒక పని నెత్తిన వేసుకోవాలి. అలాంటి చోటే దొరకని మనిషికి మాత్రం, వాడు జపాన్‌లో పుట్టినవాడైనా సరే, ఇక్కడ బతుకు కష్టం.

నాకీ సంగతి అర్థమయ్యేలా చేసింది జపాన్ మానవ శాస్త్రవేత్త నకానె చియె రాసినవి. టోక్యో విశ్వవిద్యాలయంలో మొదటి మహిళా ప్రొఫెసర్ ఆవిడే. 1950లలో మన దేశానికొచ్చి గారో, ఖాసీ తెగల మధ్య పరిశోధన చేశారు. రెండు సమాజాలనూ దగ్గర నుంచి చూసిన మనిషి కాబట్టి ఆవిడ మాట మనకు సూటిగా తగులుతుంది. మన దగ్గర పుట్టుకతో వచ్చిన కులం మనిషి ఎక్కడికెళ్ళినా వెంట వస్తుంది, జపాన్‌లో మనిషి ఏ ఇంటికి, ఏ సంస్థకు చెందాడన్నదే అన్నిటికన్నా ముందు నిలుస్తుంది అంటారావిడ. మనవాళ్ళు కొత్తవాళ్ళు కనబడగానే "మీదే ఊరు, మీరేమిట్లు" అని ఆరా తీస్తారు కదా. ఇక్కడ ముందు కంపెనీ పేరు, ఆ తర్వాత ఇంటిపేరు చెప్పుకుంటారు. ఆ మనిషి అక్కడ చేసే పని అకౌంట్సా, ఇంజినీరింగా అన్నది చాలాసేపటికి గానీ బయటపడదు.

మా వీధిలోనూ ఇదే చూశాను. ఇక్కడ దాదాపు ప్రతి పేటకూ చోనాయ్‌కాయ్ అని ఇరుగుపొరుగు సంఘం ఉంటుంది. మా దగ్గర చెత్త వేసే చోటు దాని బాధ్యతే. కాకులు సంచులు చింపకుండా వల కప్పాలి, బండి వెళ్ళాక ఆ చోటు కడిగి వల మడతపెట్టాలి. ఈ పని ఇళ్ళ మధ్య వంతులవారీగా తిరుగుతుంది. వంతు ఎవరిదో తెలియడానికి ఒక చిన్న చెక్క పలక ఉంటుంది. ఒక ఇంటివాళ్ళు తమ వారం అయిపోగానే దాన్ని పక్కింటి తలుపుకు తగిలిస్తారు. ఆ పలక మా తలుపుకు వచ్చేదాకా మాతో ఎవరూ నమస్కారం దాటి మాట్లాడలేదు. మా వంతు వచ్చినప్పుడు ఎదురింటి పెద్దావిడ చీపురు పట్టుకుని తనే దిగివచ్చి, ప్లాస్టిక్ సీసాకు మూత, లేబుల్ ఎలా తీయాలో, లోపల ఎలా కడగాలో మా ఆవిడకు చూపించింది. ఆ ఏడాది ఉత్సవానికి నాకూ పేట పేరున్న చొక్కా ఇచ్చి పల్లకీ మోయమన్నారు. షింటో దేవుడి పల్లకీ అది. నీ మతమేమిటని ఒక్కరూ అడగలేదు. భుజం వాచిపోయింది గానీ, ఇంత సంతోషం ఆఫీసులో ఎన్నడూ ఎరగను.

ఇదంతా వేల ఏళ్ళ సంస్కృతి అని చాలామంది రాసేస్తుంటారు, నేను ఒప్పుకోను. 1940లో ప్రభుత్వం ఈ సంఘాలను తన చేతిలోకి తీసుకుని, వాటి కింద కొన్ని కొన్ని ఇళ్ళను జట్లుగా కట్టి, రేషన్ పంపకానికీ, ఒకరి మీద ఒకరు నిఘా వేయడానికీ వాడుకుంది. అందుకే యుద్ధం తర్వాత 1947లో అమెరికన్ పాలకులు వీటిని నిషేధించారు. 1952లో ఆ పాలన పోయాక మళ్ళీ బాహాటంగా మొదలయ్యాయి. 1980 ప్రాంతంలో ఒక టోక్యో పేటలో కాపురముండి పరిశోధన చేసిన థియొడోర్ బెస్టర్ అనే అమెరికన్, అక్కడ సంప్రదాయంగా చెలామణీ అవుతున్నదాన్ని చాలావరకు ఈ కాలపు దుకాణదారులే తమ పరపతి కోసం నిలబెట్టుకున్నారని చూపించారు. కొన్నాళ్ళు మా సంఘం మీటింగులకు వెళ్తే మీకూ అదే అనిపిస్తుంది.

ఇక చోటు లేనివాళ్ళ సంగతి. నేను పనిచేసిన ఒక ఆఫీసులో నా పక్క సీటాయన ఏజెన్సీ ద్వారా వచ్చిన ఉద్యోగి. పని నాతో సమానం, మెడలో ట్యాగు రంగు మాత్రం వేరు. ఏడాది చివరి విందుకు ఆయన్ని పిలవలేదు. అలాంటివాళ్ళను ఒకే విభాగంలో మూడేళ్ళకు మించి ఉంచుకోవడానికి చట్టం సాధారణంగా ఒప్పుకోదు, గడువు దగ్గరపడగానే ఆయన్ని పంపేశారు. నాకిప్పటికీ మనసు ఒప్పదు. కంపెనీయే లోకంగా బతికిన మగవాళ్ళకు రిటైరయ్యాక ఇదే గతి పడుతుంది. 2020 జనగణన నాటికే 38 శాతం ఇళ్ళలో ఒక్కరే ఉంటున్నారు. 2024లో ఒంటరిగా ఉంటూ ఇంట్లోనే చనిపోయినవాళ్ళు 76 వేల మంది అని పోలీసుల లెక్క, వాళ్ళలో నాలుగింట మూడు వంతులకు పైగా 65, ఆ పైన వయసువాళ్ళు. ఒంటరితనం కోసం ప్రభుత్వం 2021లో ఒక మంత్రినే పెట్టింది.

మా పేటలో సంఘం నోటీసుల అట్ట ఇల్లిల్లూ తిరుగుతుంది, చూసినవాళ్ళు సంతకం పెట్టి పక్కింటికి ఇస్తారు. ఒకసారి అట్ట రావాల్సిన రోజు దాటినా రాలేదు. ఎక్కడ ఆగిందో వెతుక్కుంటూ వెళ్తే ఒక పెద్దాయన స్నానాల గదిలో జారిపడి లేవలేకుండా ఉన్నాడు. సమయానికి ఆస్పత్రికి చేర్చారు కాబట్టి బతికాడు. కుర్రవాళ్ళు సంఘంలో చేరడం లేదని ఎవరైనా అంటే నాకు దిగులేసేది అందుకే.

ఇంకొక విషయం దాచకూడదు. చోటులో చేరాక బాగానే ఉంటుంది గానీ, ఆ చోటు దొరకడమే గగనం. న్యాయశాఖ 2016లో చేయించిన సర్వేలో ఇల్లు వెతికిన విదేశీయుల్లో దాదాపు 40 శాతం మంది, విదేశీయులన్న కారణంతో తమకు ఇల్లివ్వలేదని చెప్పారు. ఇల్లు అద్దెకివ్వాలంటే చాలాచోట్ల ఎవరో ఒకరు హామీ ఉండాలంటారు. మా వార్డులోనే ఉన్న నిషి కసాయ్ అనే పేటలో మన భారతీయులు అంతమంది ఉండటానికి ఇదొక ముఖ్య కారణం: అక్కడున్న యూఆర్ అనే ప్రభుత్వ సంస్థ ఫ్లాట్లకు హామీదారు అక్కర్లేదు, ఇంటి యజమానికిచ్చే తిరిగిరాని నజరానా కూడా ఉండదు.

మీరు వచ్చే ఆలోచనలో ఉంటే మొదట యూఆర్ ఇళ్ళు చూడండి. దిగిన వారంలోనే సంఘం బాధ్యులెవరో పక్కింట్లో అడిగి చేరిపోండి. చందా నెలకు కొన్ని వందల యెన్‌లే ఉంటుంది. జపనీస్ రాకపోయినా ఫరవాలేదు, చెత్త వంతు మాత్రం ఎగ్గొట్టకండి.