ఖాళీ తూటాల్లో మళ్లీ మందు నింపుకోవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. నాన్నగారు పోయాక ఆయన .315 రైఫిల్, .32 రివాల్వర్ నా పేరుకు మార్చుకున్నాను. లైసెన్సు గడువు ఇంకా ఉంది. ఫ్యాక్టరీ తూటాలు కొనాలంటే ధర చూసి భయమేస్తోంది. టెక్సస్‌లో ఉండే మా బావమరిది కాల్చిన తూటాల్లోనే మళ్లీ మందు నింపి, కొత్త బుల్లెట్ (తూటా ముందు భాగంలో ఉండి దూసుకెళ్లే లోహపు ముక్క) బిగించి వాడుకుంటాడు. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ పనికి వాడే ప్రెస్సు అనే యంత్రం, కాసిని బుల్లెట్లు తెస్తానంటున్నాడు. నాన్నగారు దాచిన ఖాళీలు ఒక బిస్కెట్ల డబ్బా నిండా ఉన్నాయి. మాచర్ల వైపు ఉన్న మా తోటను అడవి పందులు పాడుచేస్తున్నాయి. వాటికి ఎలాంటి బుల్లెట్ మంచిది? సొంతానికి తయారుచేసుకుంటే తప్పేముంది?

జవాబు: ముందు మీ బావమరిదికి ఫోన్ చేసి, ఆ ప్రెస్సు సూట్‌కేసులో పెట్టొద్దని చెప్పండి. మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం సొంత వాడకానికి తూటాలు నింపుకునేవాడికి లైసెన్సు అక్కర్లేదు. అమ్మకం వ్యాపారంగా చేస్తేనే కావాలి. కాబట్టి మీ బావమరిది అక్కడ చేసేది సక్రమమే. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం లెక్క వేరు. ఆయుధం గానీ మందుగుండు గానీ తయారుచేయడానికి, మార్చడానికి, పరీక్షించడానికి కూడా ప్రత్యేక లైసెన్సు ఉండాలని సెక్షన్ 5 చెబుతుంది. సొంతానికి కొనుక్కున్న ఆయుధాన్ని అమ్ముకునే విషయంలో అదే సెక్షన్ కొంత వెసులుబాటు ఇచ్చింది గానీ, సొంతానికి తయారుచేసుకునే విషయంలో ఇవ్వలేదు. మీ చేతిలో ఉన్నది కొనుక్కుని దగ్గర ఉంచుకునే లైసెన్సు మాత్రమే.

‘ఖాళీ తూటాను మళ్లీ నింపడం తయారీ ఎలా అవుతుంది?’ అని వాదించవచ్చు. వాదన వినడానికి బాగానే ఉంటుంది. కానీ 2019 సవరణ తర్వాత, లైసెన్సు లేని తయారీకి సెక్షన్ 25(1) కింద కనీస శిక్షే ఏడేళ్లు, గరిష్ఠం యావజ్జీవం. తూటా ఖర్చు మిగుల్చుకోవడానికి అలాంటి వాదనను మీ కేసుతో పరీక్షించమని నేను చెప్పను.

ఇక డబ్బా సంగతి. చాలామంది కంగారుపడేది ఇక్కడే, నిజానికి చట్టం కాస్త దయగా ఉన్నదీ ఇక్కడే. ‘మందుగుండు’ అనే మాటకు సెక్షన్ 2లో ఇచ్చిన అర్థం చాలా పెద్దది. తూటాల విడిభాగాలు, వాటిని తయారుచేసే యంత్రాలు కూడా అందులోకే వస్తాయి. ఆ లెక్కన ఖాళీ తూటా కూడా విడిభాగమే కదా అనిపిస్తుంది. అయితే సెక్షన్ 45(డి) ఒక మినహాయింపు ఇచ్చింది. చిన్న విడిభాగాలు ఉన్నా, వాటికి జతపడే మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేకపోతే చట్టం వర్తించదు. ఆ మిగతా భాగాలు మీ దగ్గరున్నా, ఇంకొకరి దగ్గరున్నా ఒకటే. నాన్నగారి గుర్తుగా అల్మారాలో పడి ఉన్నంతకాలం ఆ ఖాళీలతో మీకు టెన్షన్ లేదు. పక్కనే ప్రెస్సు, ప్రైమర్లు (తూటా అడుగున ఉండి మందును అంటించే చిన్న మూతలు), మందు చేరాయా, మీ ఉద్దేశం ఏమిటో ఎవరూ వేరే సాక్ష్యం చెప్పక్కర్లేదు. ‘నింపుదామనుకుంటున్నాం’ అని వాట్సాప్‌లో బావమరిదికి పెట్టిన మెసేజ్ ఉంటే మరీ చిక్కు.

ప్రెస్సు ఒట్టి ఇనుప సామాను అనుకోవద్దు. పైన చెప్పిన అర్థం ప్రకారం తూటాలు చేసే యంత్రం కూడా మందుగుండే. విదేశం నుంచి తేవాలంటే సెక్షన్ 10 కింద లైసెన్సు కావాలి. ఇక్కడ లైసెన్సుదారు తన సొంత వాడకానికి తగుమాత్రంగా తెచ్చుకునే మినహాయింపు ఒకటుంది గానీ, మీ విషయంలో లైసెన్సు ఉన్నది మీకు, పెట్టె మోసుకొచ్చేది ఆయన. పైగా మీ లైసెన్సులో యంత్రాల ప్రస్తావనే ఉండదు. మందు, ప్రైమర్లయితే అమెరికా విమానాశ్రయంలోనే ఆగిపోతాయి. వాటిని ఏ బ్యాగులోనూ పెట్టనివ్వరు. ఆ మందుకు ఇక్కడ 1884 పేలుడు పదార్థాల చట్టం అదనం.

చట్టం పక్కన పెట్టినా, మీ తుపాకులకు ఈ పని నప్పదు. .32 తూటాలో పట్టే మందు చాలా కొద్ది. త్వరగా మండే మందు అడుగున కాస్తే ఉంటుంది కాబట్టి పొరపాటున రెండుసార్లు పోసినా కంటికి ఆనదు. అది పేలితే సిలిండరే పగలవచ్చు. .315 మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల రైఫిల్, అమెరికాలో దాని వాడకం లేదు. అక్కడి పుస్తకాల్లో వేరే రైఫిళ్లకు రాసిన కొలతలు దీనికి పనికిరావు.

బుల్లెట్ ఎంపిక గురించి అడిగారు. వేటకు మెత్తని ముక్కున్న సాఫ్ట్ నోస్ బుల్లెట్ ఎంచుకోవడానికి కారణం, అది తగలగానే విచ్చుకుని జంతువును త్వరగా పడగొడుతుంది. పూర్తిగా రాగి తొడుగున్నది దూసుకుపోయి అవతల ఇంకెవరికో తగిలే ప్రమాదం ఎక్కువ. విచ్చుకునే బుల్లెట్లను యుద్ధంలో వాడకూడదని 1899 హేగ్ ప్రకటన చెప్పింది. వాటికి ‘డమ్‌డమ్’ అనే పేరు కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధశాల నుంచే వచ్చింది. ఆ నిషేధం సైన్యాలకే. డీలరు దగ్గర బిల్లుతో దొరికే .315 సాఫ్ట్ నోస్ తూటా కొనుక్కోవడానికి మీకు అడ్డు లేదు. ఒకేసారి ఎన్ని ఉంచుకోవచ్చో, ఏడాదికి ఎన్ని కొనవచ్చో లైసెన్సు మీదే ఉంటుంది, ఆ రెండు అంకెలూ దాటకండి. .32 రివాల్వర్‌తో మాత్రం పంది జోలికి వెళ్లొద్దు. ముక్కు దగ్గర బోలుగా ఉండే హాలో పాయింట్ బుల్లెట్ విచ్చుకోవడానికి కావలసిన వేగం ఆ తూటాకు ఉండదు. గాయపడిన పంది మీ మీదికే వస్తుంది.

అసలు పందిని కాల్చవచ్చా అన్నది వేరే ప్రశ్న, ముందు తేల్చుకోవలసిందీ అదే. అడవి పంది 1972 వన్యప్రాణి చట్టం రెండో షెడ్యూల్‌లో ఉంది. తోట మీదే, తుపాకీ మీదే, లైసెన్సు మీదే అయినా, సెక్షన్ 11 కింద రాతపూర్వక ఉత్తర్వు లేకుండా కాలిస్తే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కాల్చిన రైఫిల్ సర్కారు పరమవుతుంది. పంటకు నష్టం చేసే జంతువును కాల్చడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ అనుమతి ఇవ్వగలరు. పంట నష్టం ఫొటోలు, పట్టాదారు పాస్‌బుక్కు, లైసెన్సు నకలు జతచేసి అటవీ శాఖ కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి.

ఇంకో రెండు విషయాలు చూసుకోండి. మాచర్ల 2022 నుంచి పల్నాడు జిల్లాలో ఉంది. మీ లైసెన్సు ఏ ప్రాంతానికి చెల్లుతుందో చదివి, గుంటూరు జిల్లాకే పరిమితమైతే రైఫిల్ తోటకు తీసుకెళ్లకముందే కలెక్టరేట్‌లో మార్పించుకోండి. అటువైపు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం కూడా ఉంది. అభయారణ్యానికి పది కిలోమీటర్లలోపు నివసించే లైసెన్సుదారులు అటవీ శాఖ దగ్గర పేరు నమోదు చేయించుకోవాలని వన్యప్రాణి చట్టం సెక్షన్ 34 చెబుతుంది. మీరు గుంటూరులో ఉంటారు కాబట్టి అది మీకు నేరుగా తగలకపోవచ్చు, కానీ తోటలోనే ఇల్లు కట్టుకుని ఉండే ఆలోచన ఉంటే అప్పుడు తప్పదు.